పాత మారుతి 800కి 20డబ్ల్యూ40 సరిపోతుందా, 20డబ్ల్యూ50 పొయ్యాలా? ఎండలో ఐడిల్ మీద ఆయిల్ లైటు మినుకుమంటోంది

కృష్ణలంక_800
1998 మోడల్, కార్బురేటర్ బండి, నాలుగు గేర్లది. 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. మొదట్నుంచీ 20డబ్ల్యూ40 మినరల్ ఆయిలే. పది రోజులుగా ఒక ఇబ్బంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు రెండు సెకన్లలో ఆరిపోతుంది, ఏ గొడవా లేదు. మధ్యాహ్నం గుంటూరు వెళ్లొచ్చి వారధి దిగి బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే మాత్రం ఐడిల్‌లో మినుకుమినుకుమంటోంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పోతుంది. ఆయిల్ మార్చి 3,000 కిలోమీటర్లయింది. లెవెల్ ఫుల్ గీత మీదే ఉంది, చుక్క కూడా తగ్గలేదు. నీలం పొగ లేదు. మెకానిక్ 20డబ్ల్యూ50 పోసేయమంటున్నాడు. మా అబ్బాయి 5డబ్ల్యూ30 సింథటిక్ అంటున్నాడు. ఏది పొయ్యాలో తేల్చి చెప్పండి.

పటమట_ప్లగ్గు
20డబ్ల్యూ50 పోసెయ్ అన్నా. లక్ష దాటిన బండికి అదే మందు.

సింథటిక్_సింగ్‌నగర్
మీ అబ్బాయి చెప్పిందాంట్లో సగం రైటండి. సింథటిక్ వరకూ ఒప్పుకుంటా, 30 మాత్రం వద్దు. పోస్తే 5డబ్ల్యూ40 పొయ్యండి.

ఆటోనగర్_స్పానర్
ఆయిల్ డబ్బా కొనేముందు లైటు ఎందుకు వెలుగుతోందో చూడాలి కదా. ఆ లైటు వెనకాల ఉన్నది మామూలు స్విచ్చి. ఆయిల్ ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 కేజీ (చదరపు సెంటీమీటరుకి) కిందకి పడితే వెలుగుతుంది, అంతే. స్విచ్చి ముసలిదైతే 0.8 దగ్గరే వెలగొచ్చు. వైరు ఒరిసి బాడీకి తగిలినా వెలుగుతుంది. ముందు స్విచ్చి విప్పి ఆ కన్నంలో మెకానికల్ గేజ్ పెట్టి చూడండి. జపాన్ బళ్లకి ఎక్కువగా 1/8 అంగుళం టేపర్ త్రెడ్ ఉంటుంది, గేజ్‌తో పాటు దానికి సరిపడే అడాప్టర్ అడగండి. త్రెడ్‌కి టెఫ్లాన్ టేప్ రెండు చుట్లు చాలు, మొదటి మర వదిలేసి చుట్టండి. టేపు ముక్క లోపలికి పోతే సన్నదారిలో అడ్డం పడుతుంది.

చల్లగా ఉన్నప్పుడు ఒక రీడింగ్, అరగంట తిప్పి ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయ్యాక ఐడిల్‌లో ఒకటి, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒకటి. మూడూ రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

గుంటూరు_గేరు
స్పానర్ గారు చెప్పినదానికి ఒక లెక్క కలుపుతా. వేడి మీద ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 కేజీ ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే అని పాతకాలం మెకానిక్కుల లెక్క. 3,000 దగ్గర 2 కేజీలు దాటాలి. ఇది మోటు లెక్కే, సర్వీసు మాన్యువల్ అంకె దొరికితే అదే ప్రమాణం.

కృష్ణలంక_800
గేజ్ ఆదివారం పెట్టిస్తాను. ఈలోపు ఈ అంకెలకి అర్థం ఎవరైనా చెప్పండి. 20 అంటే ఏంటి, 40 అంటే ఏంటి? షాపులో అడిగితే "40 కంటే 50 చిక్కన" అని అక్కడితో ఆపేస్తున్నారు.

గ్రేడ్_మాస్టారు
డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 20డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర స్టార్టర్ తిప్పగలదా లేదా అని పరీక్షిస్తారు. విజయవాడలో సంక్రాంతి పొద్దున్న కూడా ఆ దరిదాపులకి వెళ్లం. కాబట్టి 20డబ్ల్యూ మన బళ్లకి స్టార్టింగ్‌లో కష్టం పెట్టదు.

రెండో అంకె వేడి మీద చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు, కొలత పేరు సెంటీస్టోక్స్. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఒకే గ్రేడులోనే ఎంత తేడా ఉందో చూడండి. 40 గ్రేడులో అడుగున ఉన్న ఆయిల్ 12.6 ఉండొచ్చు, పైన ఉన్నది 16 ఉండొచ్చు. అందుకని 40, 50 అని కొట్టుకునే ముందు ఆ ఆయిల్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో 100 డిగ్రీల అంకె చూడండి. మంచి 15.5 ఉన్న 40కి, బొటాబొటి 16.5 ఉన్న 50కి ఇంజిన్ తేడా పట్టదు.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ అడగరు. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందన్నది. డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఉంటుంది. 30 గ్రేడుకి కనీసం 2.9 ఉంటే చాలు. 5డబ్ల్యూ40, 10డబ్ల్యూ40లకి కనీసం 3.5. 15డబ్ల్యూ40, 20డబ్ల్యూ40, 50 గ్రేడులకి కనీసం 3.7. క్రాంక్‌ని కాపాడేది ఈ అంకె.

పటమట_ప్లగ్గు
మాస్టారూ, మరి రెండు గ్రేడులు ఒకే డబ్బాలో ఎట్లా ఉంటాయి?

గ్రేడ్_మాస్టారు
బెల్లం పాకం వేడి మీద జారుతుంది, చల్లారితే బిగుస్తుంది. ఏ ఆయిలైనా అంతే. పల్చటి ఆయిల్ తీసుకుని అందులో పొడుగాటి పాలిమర్ పోగులు కలుపుతారు. అవి చలికి ముడుచుకు పడుకుంటాయి, ఆయిల్ పల్చగానే ఉంటుంది. వేడెక్కితే ఉక్కకి కాళ్లూ చేతులూ బారజాపినట్టు విచ్చుకుంటాయి, అప్పుడు ఆయిల్ మరీ పలచబడకుండా పట్టుకుంటాయి. చిక్కు ఏమిటంటే గేర్ల మధ్య, బేరింగుల్లో నలిగి నలిగి ఆ పోగులు తెగిపోతాయి. 10డబ్ల్యూ40 లాంటి అంతరం ఎక్కువున్న మినరల్ ఆయిల్‌లో పోగులు ఎక్కువ, కాబట్టి తెగేవీ ఎక్కువ. 20డబ్ల్యూ40లో అంతరం తక్కువ, పోగులు తక్కువ. మన వేడికి ఇది మోటుగా కనిపించినా నిలకడైన ఆయిల్.

బ్రోడీపేట_బుల్లెట్
నా మాట కూడా వినండి. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి 20డబ్ల్యూ50 తప్ప వేరేది పోస్తే పుష్‌రాడ్ చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది. 50 అంటే భయమెందుకు?

ఆటోనగర్_స్పానర్
బుల్లెట్‌కి గాలే కూలింగ్ బ్రదర్. హెడ్డు దగ్గర ఆయిల్ బాగా కాగిపోతుంది, సందులు కూడా వెడల్పు. ఆ ఇంజిన్‌కి 50 నప్పుతుంది. ఇది నీళ్లతో చల్లబడే చిన్న 796 సీసీ ఇంజిన్, సందులు సన్నం. దాని మందు దీనికి పనికిరాదు.

బ్రోడీపేట_బుల్లెట్
అది ఒప్పుకున్నా. చప్పుడు సంగతి మాత్రం నిజమే.

మంగళగిరి_మైలేజ్
50 పోస్తే మైలేజ్ ఎంత పడుతుంది? అసలు నష్టమేంటి? చిక్కగా ఉంటే పొర మందంగా ఉండి ఇంకా మంచిది కదా?

గుంటూరు_గేరు
నష్టాలున్నాయండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ సంపులోంచి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోంచి, పైనున్న కామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. చిక్కదనం పెరిగేకొద్దీ ఆలస్యం. ఆ కొద్ది సెకన్లలోనే రాకర్లు, కామ్ అరిగేది. రెండోది, ఆయిల్ పంపుకి రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. ప్రెషర్ దాని హద్దు దాటితే మిగతా ఆయిల్‌ని తిరిగి సంపులోకే వదిలేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు 50 పోసి గేజ్ చూస్తే ముల్లు పైకి లేచి గొప్పగా కనిపిస్తుంది, కానీ బేరింగుకి చేరే ఆయిల్ తక్కువ. ప్రెషర్ వేరు, పారకం వేరు. మూడోది ఫిల్టర్. చిక్కటి ఆయిల్ కాగితంలోంచి దూరలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే వడకట్టని ఆయిలే ఇంజిన్‌లో తిరుగుతుంది. మైలేజ్ తేడా 40 నుంచి 50కి కొంచెమే, బెజవాడ ట్రాఫిక్‌లో మీ కుడికాలు తెచ్చే తేడా అంతకంటే ఎక్కువ.

పటమట_ప్లగ్గు
అన్నీ నిజమే, కానీ 20డబ్ల్యూ50 పోస్తే లైటు ఆరుతుంది కదా. చాలామందికి ఆరింది.

గ్రేడ్_మాస్టారు
ఆరుతుంది, ఒప్పుకుంటాను. ఎందుకు ఆరుతుందో, ఎంతకాలం ఆరుతుందో లెక్క చూడండి. కొత్త ఇంజిన్‌లో క్రాంక్‌కీ బేరింగుకీ మధ్య సందు సుమారు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్లు. అందులోంచి పక్కలకి కారిపోయే ఆయిల్, సందుకి ఘనం లెక్కన పెరుగుతుంది. సందు రెండింతలైతే కారడం ఎనిమిదింతలు. ఒకటిన్నర రెట్లయితే మూడున్నర రెట్ల దాకా. అదే ఆయిల్ చిక్కదనం పెంచితే కారడం మామూలు లెక్కలోనే తగ్గుతుంది. 14 సెంటీస్టోక్స్ నుంచి 18కి వెళ్తే చిక్కదనం 28 శాతం పెరిగినట్టు. ఘనం లెక్కన చూస్తే దాంతో మీరు కప్పెట్టగలిగేది సందు 8, 9 శాతం పెరిగినంత అరుగుదలే. బేరింగు నిజంగా అరిగిపోయి ఉంటే ఒక గ్రేడు పెంచి ఏం చేయలేరు. అరగకపోతే పెంచాల్సిన పనే లేదు. మధ్యలో ఒక సన్నటి గీత మీద ఉన్న ఇంజిన్లకి మాత్రం 50 పనికొస్తుంది, అదీ కొన్నాళ్లు.

తెనాలి_ట్యాపెట్
ఈ లెక్క నోట్సులో రాసుకున్నా మాస్టారూ. ఇన్నేళ్లుగా ఈ గొడవ వింటున్నా, ఇట్లా ఎవరూ చెప్పలేదు.

సింథటిక్_సింగ్‌నగర్
అందుకే నేను 5డబ్ల్యూ40 ఫుల్ సింథటిక్ అంటున్నా. 100 దగ్గర 13.5, 14 ఉంటుంది, వేడికి త్వరగా కాలిపోదు, బురద కట్టదు, పొద్దున్నే తొందరగా పైకి ఎక్కుతుంది. ధర మూడింతలున్నా మంచి ఆయిల్.

తెనాలి_ట్యాపెట్
మంచిదే, కాదనను. కానీ ఇరవై ఏడేళ్ల ఇంజిన్‌కి క్రాంక్ సీల్, కామ్ సీల్ ఎండి గట్టిపడి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు 5డబ్ల్యూ పల్చగా ఉంటుంది, 20డబ్ల్యూ ఆగిన చోట ఇది ఆగదు. పైగా దానికి శుభ్రం చేసే గుణం ఎక్కువ, సీలు పెదవి దగ్గర పేరుకున్న మడ్డిని కడిగేస్తే అంతవరకూ ఆ మడ్డే ఆపిన లీకు బయటపడుతుంది. సింథటిక్ సీళ్లని తినేస్తుందన్న మాట తప్పు, పోయిన సీలుని బయటపెడుతుంది అంతే. ఈ బండికి టైమింగ్ బెల్టు ఉంది. సీలు కారి ఆ బెల్టు మీద ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బి పళ్లు ఊడతాయి. ముందు సీళ్లు, బెల్టు మార్చి తర్వాత సింథటిక్ పోస్తే నాకు అభ్యంతరం లేదు.

సింథటిక్_సింగ్‌నగర్
సీళ్లు మార్చాకే పొయ్యాలన్నది న్యాయంగా ఉంది.

నగరాలు_స్ప్లెండర్
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. 2003 స్ప్లెండర్‌కి ఇంట్లో మిగిలిన కారు 20డబ్ల్యూ50 ఒక లీటరుంది, పోసెయ్యనా?

ఆటోనగర్_స్పానర్
వద్దు తమ్ముడూ. బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో (బైకు ఆయిళ్ల జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందు కలిపినవి ఉంటాయి, అవి పోస్తే క్లచ్ జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకి. నీ బండికి కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ30, 900 మిల్లీలీటర్ల డబ్బా దానికోసమే అమ్ముతారు. ఆ మోడల్‌లో కాగితం ఫిల్టర్ ఉండదు, జాలీ, తిరిగే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. క్లచ్ కవర్ విప్పినప్పుడల్లా ఆ గిన్నెలో పేరుకున్న నల్లటి పేస్టు తుడిపించు. అది నిండితే ఏ గ్రేడు పోసినా ఒకటే.

పటమట_ప్లగ్గు
ఇంకో సలహా. డీజిల్ బళ్ల 15డబ్ల్యూ40 పోస్తే ఎట్లా ఉంటుంది? ఆటోలవాళ్లు పోస్తున్నారు.

గ్రేడ్_మాస్టారు
డబ్బా మీద ఏపీఐ నాణ్యత గుర్తులుంటాయి, సీ తో మొదలయ్యేవి డీజిల్‌కి, ఎస్ తో మొదలయ్యేవి పెట్రోల్‌కి. సీఐ-4తో పాటు ఎస్‌ఎల్ అని కూడా ఉంటే పెట్రోల్ ఇంజిన్‌కి నిక్షేపంగా పొయ్యొచ్చు. పాత కామ్‌షాఫ్ట్‌లకి కావలసిన జింకు, ఫాస్ఫరస్ మందు అందులో బాగా ఉంటుంది. కొత్త ఎస్‌ఎన్ పెట్రోల్ ఆయిళ్లలో 30, అంతకంటే పల్చటి గ్రేడులకి ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదన్న నియమం ఉంది, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా. 20డబ్ల్యూ40కి ఆ కట్టుబాటు లేదు. ఒక్క జాగ్రత్త, ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే డీజిల్ ఆయిల్‌లోని బూడిద ఎక్కువై ప్లగ్గుల మీద, వాల్వుల మీద పేరుకుంటుంది. చవగ్గా దొరికే ఎస్‌ఎఫ్ ఆయిళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అది 1980ల నాటి ప్రమాణం. కనీసం ఎస్‌ఎల్ ఉండాలి.

కృష్ణలంక_800
గేజ్ పెట్టించాను. చల్లగా ఐడిల్‌లో 3 కేజీలు. వేడెక్కాక ఐడిల్‌లో 0.4, ముల్లు వణుకుతోంది. 3,000 దగ్గర 1.9. స్విచ్చి బాగానే ఉంది. అంటే బేరింగులు పోయినట్టేనా? ఇంజిన్ దించాలా?

ఆటోనగర్_స్పానర్
తొందరపడకండి. మొదటి పోస్టులో మీరు రాసిన ఒక ముక్క మీద నాకు అనుమానంగా ఉంది. లక్షా నలభై వేలు తిరిగిన బండి 3,000 కిలోమీటర్లకి చుక్క ఆయిల్ కూడా తాగలేదన్నారు. ఎంత మంచి రింగులున్నా ఈ వయసులో పావు లీటరన్నా పోవాలి. తగ్గట్లేదంటే ఏదో వచ్చి కలుస్తోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడుతోందా?

గుంటూరు_గేరు
ఇది నాకు తట్టలేదు! కార్బురేటర్ 800కి పెట్రోల్ పంపు ఇంజిన్ మీదే ఉంటుంది, కామ్‌షాఫ్ట్ తోసే మెకానికల్ పంపు. లోపల డయాఫ్రమ్, అంటే పెట్రోల్‌ని తోసే పల్చటి పొర, చిరిగితే పెట్రోల్ నేరుగా సంపులోకి జారుతుంది. స్పానర్ గారు సరైన చోట పట్టుకున్నారు.

గ్రేడ్_మాస్టారు
వాసనతో పాటు ఇంకో పరీక్ష చేయండి. ఖర్చు లేనిది. ఇంజిన్ వేడిగా ఉండగా డిప్‌స్టిక్ మీంచి ఒక్క చుక్క కాఫీ ఫిల్టర్ కాగితం మీద గానీ, అద్దుడు కాగితం మీద గానీ వేయండి. కాగితం కింద గిన్నె బోర్లించి, మధ్యభాగం గాల్లో ఉండేట్టు పెట్టండి. రెండు గంటలు కదపకండి. మధ్యలో నల్లటి బొట్టు, చుట్టూ గోధుమరంగు వలయం వస్తుంది. దాని బయట లేత పసుపు వలయం విడిగా, వెడల్పుగా వచ్చిందంటే ఇంధనం కలిసిందన్నమాట. మధ్య బొట్టు అంచు గీసినట్టు నల్లగా ఆగిపోతే మసిని పట్టి ఉంచే శక్తి ఆయిల్‌కి అయిపోయినట్టు. వలయం అంచు రంపపు పళ్లలా గరుకుగా ఉంటే నీళ్లు.

5 శాతం పెట్రోల్ చాలు దాదాపు ఒక గ్రేడు పడిపోవడానికి. మీ సంపులో సుమారు 3 లీటర్లు అనుకుంటే 150 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు టీ. మీరు 20డబ్ల్యూ50 పోసినా నెలకల్లా అది 40 అయిపోతుంది, తర్వాత 30. లైటు ఆరి మళ్లీ వచ్చేసరికి క్రాంక్ గీతలు పడిపోయి ఉంటుంది.

కృష్ణలంక_800
వాసన ఉంది! ఇన్నాళ్లూ పాత బండి వాసన అనుకున్నాను. కాగితం మీద బయట పసుపు వలయం వేలెడు వెడల్పు వచ్చింది. లెవెల్ ఇవాళ చూస్తే ఫుల్ గీత కంటే రెండు మిల్లీమీటర్లు పైన ఉంది.

మంగళగిరి_మైలేజ్
అయితే మైలేజ్ కూడా పడిపోయి ఉండాలే.

ఆటోనగర్_స్పానర్
ఇక బండి తిప్పకండి. నిన్నటిదాకా తిరిగింది కదా అనుకోవద్దు. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో పొర నిలవదు, పైగా క్రాంక్‌కేసులో ఆవిరి పట్టి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. వరస ఇదీ.

పంపు విప్పండి. రెండు గొట్టాలు పీకే ముందు గట్టిగా బిగించి కట్టండి, లేకపోతే పెట్రోల్ వేడి ఇంజిన్ మీద కారుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయండి. పంపు ఒంటికి ఒక చిన్న కన్నం ఉంటుంది, అక్కడ తడి కనిపిస్తే డయాఫ్రమ్ పోయినట్టు. కన్నం మడ్డితో మూసుకుపోతే తడి బయటికి రాక లోపలికే పోతుంది. కొత్త పంపు కొనేటప్పుడు మధ్యలో పెట్టే ఇన్సులేటర్ దిమ్మె, రెండు గ్యాస్కెట్లు అడిగి తీసుకోండి. దిమ్మె మందం మారితే పంపు లివరు పూర్తిగా ఆడదు. కొత్తది బిగించాక కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ కూడా చూడండి. అది సరిగా మూసుకోకపోతే పెట్రోల్ పొంగి సిలిండర్ గోడల మీంచి కిందకి దిగుతుంది. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా అనేది మూడోది.

ఆ తర్వాతే ఆయిల్. పంపు మార్చకుండా ఆయిల్ మారిస్తే కొత్త ఆయిల్ కూడా పాడవుతుంది.

తెనాలి_ట్యాపెట్
ఆయిల్ తీసేటప్పుడు చెప్పాల్సినవి. మామూలుగా ఇంజిన్ వేడిచేసి దించమంటాం, ఈసారి మాత్రం పెట్రోల్ ఉంది కాబట్టి చల్లగానే దించండి, కాస్త ఎక్కువసేపు కారనివ్వండి, అరగంట. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. డ్రైన్ బోల్టుకి కొత్త వాషర్. ఫిల్టర్ కూడా మార్చాలి, అందులో పావు లీటరు పాత ఆయిల్ ఉండిపోతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు వాషర్‌కి ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు. స్పానర్ పెట్టి బిగించొద్దు. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి, రెండు రబ్బర్లు పడితే ప్రెషర్‌కి ఊడి ఆయిల్ మొత్తం రోడ్డు మీద పోతుంది.

ఫ్లష్ ఆయిల్ అని షాపులో అంటగడతారు. ఇంత పాత ఇంజిన్‌కి వద్దు. మడ్డి పెచ్చులుగా లేచి సంపులో ఉన్న జాలీకి అడ్డం పడుతుంది, అప్పుడు ప్రెషర్ అసలు ఉండదు. దానికి బదులు ఈసారి ఆయిల్‌ని 1,000 కిలోమీటర్లకే దించేసి మళ్లీ పొయ్యండి.

పటమట_ప్లగ్గు
మరి గ్రేడు? చివరికి అదే తేలలేదు!

గ్రేడ్_మాస్టారు
తేల్చుదాం. కంపెనీ మన వేడికి చెప్పిన 20డబ్ల్యూ40, ఎస్‌ఎల్ లేదా అంతకంటే పైది, డేటా షీట్‌లో 100 దగ్గర 14 దాటినది. అది పోసి వేడి మీద మళ్లీ గేజ్ చూడండి. ఐడిల్‌లో 0.7 పైన, 3,000 దగ్గర 2.5 పైన వస్తే దానితోనే ఉండండి. రాకపోతే అప్పుడు 20డబ్ల్యూ50 ప్రయత్నించండి. దానితోనూ రాకపోతే సంపు దించి జాలీ, ఆయిల్ పంపు, బేరింగులు చూడాల్సిందే. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంకొకటి, కూలింగ్. ఇదే 20డబ్ల్యూ40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 ఉంటే 115 దగ్గర సుమారు 10కి దిగుతుంది. అంటే ఆయిల్ పదిహేను డిగ్రీలు ఎక్కువ కాగితే 40 కాస్తా 30లా ప్రవర్తిస్తుంది. రేడియేటర్ సందుల్లో దుమ్ము నీళ్లతో కడిగించండి, ఫ్యాన్ స్విచ్చి సమయానికి పనిచేస్తోందా చూడండి, థర్మోస్టాట్ పీకేసి ఉంటే తిరిగి పెట్టించండి. మే నెల మన ఊళ్లో ఆయిల్ గ్రేడు గురించి ఆలోచించేవాళ్లంతా ముందు రేడియేటర్ చూడాలని నా గట్టి అభిప్రాయం.

బ్రోడీపేట_బుల్లెట్
బుల్లెట్‌కి ఈ రేడియేటర్ బాధ లేదు చూశారా.

మంగళగిరి_మైలేజ్
ఆయిల్ ఎక్కడ కొనాలి? నకిలీల భయం ఎక్కువైంది.

ఆటోనగర్_స్పానర్
పెట్రోల్ బంకులో అదే కంపెనీ ఆయిల్ గానీ, కంపెనీ డీలర్ దగ్గర బిల్లుతో గానీ తీసుకోండి. మూత రింగు తెగకుండా ఉందా, లోపల అల్యూమినియం రేకు సమంగా అతికి ఉందా, డబ్బా మీదా మూత మీదా బ్యాచ్ నంబర్లు కలుస్తున్నాయా చూడండి. వాడిన డబ్బాకి మేకుతో కన్నం పెట్టి పడేయండి, మళ్లీ ఎవడూ నింపలేడు. దించిన ఆయిల్ బందరు కాలవలోనో డ్రైనేజీలోనో పొయ్యొద్దు. పాత ఆయిల్ కొనే రీసైక్లింగ్‌వాళ్లకి ఇవ్వండి. పెట్రోల్ కలిసింది కాబట్టి ఆ సంగతి వాళ్లకి చెప్పి విడిగా ఇవ్వండి.

కృష్ణలంక_800
పంపు మారింది. పాతది కోసి చూస్తే డయాఫ్రమ్ అంచు వెంట గోరంత చీలిక, వంచితే గానీ కనిపించదు. పక్కన కన్నం మడ్డితో మూసుకుపోయి ఉంది, స్పానర్ గారు చెప్పినట్టే. ఫ్లోట్ నీడిల్ కూడా మార్చారు. దించిన ఆయిల్ కొలిచాం, 3 లీటర్ల మీద ఒక గ్లాసు ఎక్కువే వచ్చింది, నీళ్లలా జారుతోంది. 20డబ్ల్యూ40 ఎస్‌ఎల్ పోశాం, 100 దగ్గర 14.6 ఉన్నది. రేడియేటర్ కడిగించాను. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి గుంటూరు వెళ్లొచ్చి బెంజ్ సర్కిల్‌లో ఆగి చూశా. గేజ్ ఇంకా తగిలించే ఉంది. ఐడిల్‌లో 1.0, 3,000 దగ్గర 3.1. లైటు వెలగలేదు.

గుంటూరు_గేరు
బ్రహ్మాండం. బేరింగులు నిలబడ్డాయి. 1,000 కిలోమీటర్లకి దించడం మర్చిపోవద్దు.

పటమట_ప్లగ్గు
నేను మొదట్లో చెప్పిన 20డబ్ల్యూ50 పోసుంటే లైటు ఆరేది, పంపు అట్లాగే ఉండిపోయేది. మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా.

ఆటోనగర్_స్పానర్
ఇక నుంచి లెవెల్ ప్రతి ఆదివారం పొద్దున చల్లగా ఉన్నప్పుడు, సమతలం మీద చూడండి. 1,000 కిలోమీటర్లకి 200, 300 మిల్లీలీటర్లు తగ్గితే ఈ వయసుకి మామూలే. 500 దాటితే కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ముందు పొడిగా, తర్వాత ప్రతి సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి. పోశాక ప్రెషర్ లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. తగ్గకపోయినా, పెరిగినా మళ్లీ ఇక్కడికి రండి.

కృష్ణలంక_800
అలాగేనండి. గేజ్ ఇంకో నెల అట్లాగే ఉంచుతున్నా. 1,000 దగ్గర ఆయిల్ దించి కాగితం మీద చుక్క వేసి చెప్తాను.